ఆరోగ్యవరం మన ఇంట్లో



క్షయ అని తేలగానే మన పల్లెల్లో చాలా ఇళ్లలో రోగి పళ్లెం, చెంబు వేరవుతాయి. పెండ్లీడు పిల్లకు వస్తే రోగం పేరే బయటికి రానివ్వరు. మెట్ట సేద్యం, కూలి మీద బ్రతికే కమలాపురం పల్లెల్లో పని ఆగిపోయిన రోగికి జబ్బు ఒక భారమైతే, ఈ ఒంటరితనం రెండో భారం.

మన సీమలోనే ఇందుకు భిన్నమైన చరిత్ర ఒకటుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె మన కడప జిల్లాలోనిదే. 1915లో ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం శానిటోరియం తెరిచారు. వేరువేరు మిషనులు చేయి చేయి కలిపి దానిని నడిపాయి. డెన్మార్క్ నుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మోల్లర్ దాని బాధ్యత వహించారు. క్షయను అణచే మందు అప్పటికి లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. ఎత్తయిన నేల, మంచి గాలి, ఎండ, విశ్రాంతి, బలమైన తిండి, ఓపికగల సేవ, ఇవే ఆనాటి వైద్యం. అందరూ బ్రతకలేదు. అయినా ఇంట్లో చోటు లేనివారికి అక్కడ చోటు దొరికింది. మన దేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదలైంది కూడా మదనపల్లెలోనే.

తరువాత మందులు వచ్చాయి. చెన్నైలో 1956లో ప్రారంభమైన కేంద్రం పేద రోగులపై పరిశోధన చేసింది. ఇరుకు ఇళ్లలో ఉండి మందు వాడినవారు కూడా శానిటోరియంలో ఉన్నవారికి దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో తెలిపింది. రోగి ఇంట్లో ఉన్నందువలన ఇంటివారికి ప్రమాదం పెరగలేదనీ చూపింది. ఆ విధంగా వైద్యం మన గడపలోకి వచ్చింది. ఆరోగ్యవరంలోని ఆదరణ కూడా మన గడపలోకి రావాలి కదా!

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనిపోయిన సంగతి మనమెరుగుదుము. ఒక్కడు మోయలేని మంచాన్ని తలా ఒక మూల పట్టుకున్నారు. మన సంఘాలలోనూ ఆ నాలుగు మూలలున్నాయి. రెండు వారాలకు మించి దగ్గు తగ్గనివారిని ఒకరు ప్రభుత్వ ఆసుపత్రికి తోడుకొని వెళ్లి కళ్లె పరీక్ష చేయించాలి. మందు ఉచితం, సాధారణ క్షయకు ఆరు నెలలు తప్పక వాడాలి. పోషణకు ప్రభుత్వమిచ్చే సాయం 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలు. అది అందేలా చూడాలి. రెండో ఇంటివారు సంగటి, పప్పు, గుడ్లు పంపవచ్చు. మూడోవారు చేని పని అందుకోవచ్చు. నాలుగోవారు వాకిట్లో వేపచెట్టు నీడన రోగి పక్కన కూర్చుని మాట్లాడవచ్చు.

క్షయ గాలి ద్వారా వస్తుంది, పళ్లెం వల్ల రాదు. కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమని చెప్పండి. పళ్లెం మాత్రం వేరు చేయకండి. రోగి మన సంఘస్థుడా, పొరుగువాడా అని చూడకండి.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక, మన వీధిలో మంచం పట్టినవారెవరో ఒకరినొకరం అడుగుదాం.