పెరుగు లేని భోజనం

మా వాడు కంచం ముందు కూర్చుంటే గంట పట్టేది. ముద్దకో గుక్క నీళ్ళు. చపాతీ అంటే మొహం ముడిచేవాడు, చికెన్ ముక్కని పీచులు పీచులుగా చేసుకుని తినేవాడు. "ఫోను చూస్తూ తింటే అంతే" అని నేను, "నీ గారాబమే" అని మావారు. రెండేళ్ళు ఇదే గోల. "లోపల ఆగుతోందమ్మా" అని వాడొకసారి అన్నాడు కూడా. "నీళ్ళు తాగు" అన్నాను.

క్రితం వేసవిలో ఓ పుట్టినరోజు పార్టీలో ముక్క అడ్డం పడింది. ఊపిరాడుతోంది, మాట వస్తోంది, ఉమ్మి మాత్రం మింగలేకపోతున్నాడు. అలా ఉంటే ఇంట్లో చిట్కాలు చేస్తూ కూర్చోకూడదు, ఎమర్జెన్సీకి వెళ్ళాల్సిందే. ఎండోస్కోపీ చేసి ముక్క తీశారు. అన్నవాహిక గోడ నుంచి బయాప్సీకి కూడా తీసుకున్నారు. జబ్బు పేరు చాంతాడంత ఉంది: ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్.

తెనాలికి ఫోన్ చేస్తే అమ్మ, "ఈస్నోఫీలియానా? మీ పెదనాన్నకీ ఉండేదిగా, ఒకటే దగ్గు!" అంది. కణం అదేనమ్మా, చేరిన చోటు వేరు. అలర్జీలప్పుడు పెరిగే ఆ తెల్లకణాలు మామూలుగా అన్నవాహిక గోడలో ఉండవు. అక్కడ చేరితే వాపు వస్తుంది, ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే దారి సన్నబడుతుంది. మైక్రోస్కోపులో ఒక్కచోటే 15 కణాలు, అంతకు మించి కనిపిస్తే దీన్ని అనుమానిస్తారు. దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించిందే 1990లలో. అమ్మకి తెలియకపోవడంలో వింతేముంది, నాకే తెలియదు.

ఆసిడ్ తగ్గించే మందులున్నాయి, పీల్చే ఆస్తమా స్టెరాయిడ్‌నే మింగించే పద్ధతి ఉంది, అమెరికాలో 2022 నుంచి డూపిలుమాబ్ ఇంజెక్షనూ ఉంది. మా డాక్టరు ముందు పాలు మానిపించి చూద్దామన్నారు. ఈ జబ్బుని ఎక్కువగా రేపేది పాలేనట. చర్మం మీద చేసే అలర్జీ పరీక్ష ఇక్కడ నమ్మకంగా పనిచేయదు.

పాలు మానడమంటే కాఫీలో పాలు మానడం కాదని మొదటివారమే తెలిసింది. పెరుగు, మజ్జిగచారు, పప్పు మీద నెయ్యి, పనీర్, గుడి ప్రసాదం, బ్రెడ్డు లేబుల్ మీద చిన్న అక్షరాల్లో వే, కేసీన్. పాట్‌లక్‌లో "ఒక్క చెంచా నెయ్యికి ఏమవుతుంది వదినా" అన్నవాళ్ళకి జవాబు చెప్పలేక అలిసిపోయాను. తినగానే దద్దుర్లు వస్తే నమ్ముతారు. ఇది అలా కాదు, చడీచప్పుడు లేకుండా లోపల జరుగుతుంది. అందుకే "బాగానే ఉన్నాను" అని పిల్లాడన్నా చాలదు, మళ్ళీ ఎండోస్కోపీ చేసి చూడాలి. క్యాల్షియం సంగతి డైటీషియన్‌కి అప్పగించాం.

కొబ్బరిపాలలో పచ్చిమిరప తొడిమలు వేసి తోడు పెట్టాను. మొదటి రెండుసార్లు పారబోశాను. మూడోసారి గట్టిగా తోడుకుంది. వాడు ఆవకాయతో కలుపుకుని, "పెరుగులా లేదు, కానీ ఓకే" అన్నాడు.

మీ ఇంట్లోనూ అందరూ లేచాక ఒక్కరే కంచం ముందు మిగిలిపోతుంటే, తిట్టేముందు ఒకమాట అడగండి, మింగుడుపడుతోందా అని.

మూడు నెలల తర్వాత చేసిన బయాప్సీలో కణాలు బాగా తగ్గాయి. అమ్మ ఇప్పుడు ఫోన్ చేస్తే ఏం తిన్నాడని అడగదు. "అన్నంలో ఎన్ని గ్లాసులు తాగాడే?" అంటుంది. రాత్రి ఒకటి. అదీ చెయ్యి కడుక్కున్నాక.