కోత ఒక దేశంలో, కోలుకోవడం మరో దేశంలో

బరువు తగ్గించే ఆపరేషన్ కోసం దేశం దాటి వెళ్ళే స్త్రీల ప్రస్తావన వస్తే మన సమావేశాల్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. అందం పేరిట మార్కెట్ పన్నిన వలలో పడ్డారన్నది ఒకటి. ఆమె శరీరం ఆమె ఇష్టం, అడగడానికి మనమెవరం అన్నది రెండోది. ఈ రెండింటితోనూ నాకు పేచీ ఉంది. మొదటిది ఆమె జబ్బును చూడదు. రెండోది ఆ ఇష్టం ఏ సమాచారంతో, ఎవరి డబ్బుతో, ఎవరి పోరు పడలేక ఏర్పడిందో అడగదు.

ముందు జబ్బు సంగతి. మధుమేహం, మోకాళ్ళ అరుగుదల, నిద్రలో ఊపిరి ఆగడం, నెలసరి తప్పడం వీటికి అందంతో పనిలేదు. స్వీడన్‌లో 1987లో మొదలై దాదాపు నాలుగువేల మందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో మరణాలు చేయించుకోని వాళ్ళకంటే సుమారు పావువంతు తక్కువ. చాలామందికి మధుమేహం మందులు లేకుండానే అదుపులోకి వస్తుంది, కొందరికి కొన్నేళ్ళకు తిరగబెడుతుంది. కాబట్టి ఈ ఆపరేషన్‌ను ఫేషన్ అని కొట్టిపారేయడం అన్యాయం. అయితే 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు మార్గదర్శకాలు సవరించి, ఆసియా వాసుల విషయంలో బి.ఎం.ఐ. 27.5 దాటితే ఆపరేషన్ సూచించవచ్చన్నాయి. ఐదడుగుల రెండంగుళాల స్త్రీకి అది సుమారు 68 కిలోలు. మన వీధిలో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారో లెక్కవేసుకోండి. వైద్యశాస్త్రం ఒక కారణంతో గీసిన గీతను ప్రకటనలు ఇంకో కారణంతో వాడుకుంటాయి.

బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యంలో ఎదురుచూపు ఎక్కువ, ప్రైవేటులో ఖర్చు ఎక్కువ. అందుకని అక్కడి స్త్రీలు తుర్కియేకి వెళ్తున్నారు. ఆపరేషన్, హోటల్, విమానాశ్రయం నుంచి కారు అన్నీ కలిపి ఒకే ధర. 2023లో తుర్కియేలో రకరకాల చికిత్సల తర్వాత ఆరుగురు తమ పౌరులు చనిపోయారని బ్రిటిష్ ప్రభుత్వం తన ప్రయాణ సూచనల్లో పేర్కొంది. అదే ఏడాది ఇస్తాంబుల్, ఇజ్మీర్‌లలో బరువు తగ్గడానికి పొట్టలోకి బోటాక్స్ ఇంజెక్షన్లు చేయించుకున్న 60 మందికి పైగా బాట్యులిజం బారిన పడ్డారు. వాళ్ళలో చాలామంది జర్మనీ నుంచి వెళ్ళినవాళ్ళు. మెక్సికోలోని టిహువానాలో ఆపరేషన్లు చేయించుకుని, మందులకు లొంగని సూక్ష్మజీవిని వెంట తెచ్చుకున్న రోగుల గురించి అమెరికా ఆరోగ్య సంస్థ సి.డి.సి. 2019లో హెచ్చరించింది. వాళ్ళలోనూ ఎక్కువమంది వెళ్ళింది బరువు తగ్గించే ఆపరేషన్ కోసమే.

ఇవి చూసి ఆ దేశాల డాక్టర్లకు చేతకాదని తేల్చడం తెల్లదొరల అహంకారం. ఆ కత్తి పట్టిన చెయ్యి లండన్ చెయ్యికి తీసిపోకపోవచ్చు. చిక్కంతా దూరంలో ఉంది. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో మూడు వంతులకు పైగా కోసి తీసేస్తారు. తీసేసింది మళ్ళీ రాదు. కుట్టిన చోట లీకయితే అది బయటపడడానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటికి ఆమె ఇంటికి చేరిపోయి ఉంటుంది. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి, రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గగానే ఆగిన నెలసరి తిరిగి వచ్చి, పిల్లలు పుట్టరనుకున్న స్త్రీకి అనుకోకుండా గర్భం రావచ్చు. బైపాస్ చేయించుకుంటే గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు కూడా. ప్రపంచమంతటా ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్ళలో అత్యధికులు స్త్రీలే అయినా, ప్యాకేజీ కరపత్రాల్లో గర్భం ఊసు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాలి.

మన దేశానికి వచ్చిన ఒక స్త్రీని గుర్తుచేసుకుందాం. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు చెందిన ఇమాన్ అహ్మద్‌ను 2017 ఫిబ్రవరిలో సరకుల విమానంలో ముంబైకి తెచ్చారు. అప్పుడామె వయసు 36, బరువు 500 కిలోలన్నారు. చిన్నతనంలోనే పక్షవాతం వచ్చింది, ఏళ్ళ తరబడి మంచం దిగలేదు. ఆమెను క్రేన్‌తో ఎత్తడం టీవీల్లో చూశాం. మార్చిలో ఆపరేషన్ చేశారు. ఏప్రిల్‌లో ఆమె చెల్లెలు, తగ్గిందని చెబుతున్న బరువు నిజం కాదని ఆరోపించింది. ఆసుపత్రి ఖండించింది. మే నెలలో ఆమెను అబూధాబి తరలించారు. సెప్టెంబరు 25న అక్కడే కన్నుమూసింది. ఆపరేషనే ఆమెను చంపిందని నేననడం లేదు. ఆమె అప్పటికే ఎన్నో జబ్బులతో ఉంది, ముంబై డాక్టర్లు పూనుకోకపోతే ఆమెను పట్టించుకునే దిక్కు ఉండేదని చెప్పలేం. కానీ ఆ ఏడు నెలల్లో డాక్టర్లు మాట్లాడారు, చెల్లెలు మాట్లాడింది, విలేకరులు మాట్లాడారు. నేను చదివిన వార్తల్లో ఇమాన్ మాట అంటూ దాదాపు ఏమీ లేదు. ఆమె శరీరం మాత్రం అందరికీ ప్రదర్శనకు దొరికింది.

సమ్మతి అన్న మాట మనకు కొత్తది కాదు. 1985లో పటాన్‌చెరులో స్త్రీలకు నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగమని చెప్పకుండానే వేయబోతే అడ్డుకున్నది హైదరాబాద్ స్త్రీలే. 1986లో స్త్రీశక్తి సంఘటన, సహేలి తదితర సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. ఆనాడు చెప్పనిది పేద స్త్రీలకు. ఇప్పుడు డబ్బు కట్టే స్త్రీకి బోలెడు చెబుతారు గానీ తర్వాతి పదేళ్ళ గురించి చెప్పరు.

మన తెలుగు స్త్రీల విషయంలో ఈ ప్రయాణం అటునుంచి ఇటు సాగుతుంది. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి సెలవుల్లో హైదరాబాద్ వచ్చి ఆపరేషన్ చేయించుకుని వెళ్తున్నారు. పుట్టిల్లు ఉంది, భాష ఉంది, అమ్మ జావ కాచి ఇస్తుంది. ఈ సదుపాయం ఇస్తాంబుల్ వెళ్ళే బ్రిటిష్ స్త్రీకి లేదు. కానీ సెలవు మూడు వారాలే. నేను మాట్లాడిన ఒకావిడ మస్కట్‌లో టీచరు. పనిచేసే చోట తమ్ముడి పెళ్ళి అని చెప్పి వచ్చింది. తిరిగి వెళ్ళాక వాంతులు ఆగకపోతే అక్కడి డాక్టరు ఏ ఆపరేషన్, ఎలా చేశారని అడిగాడు. ఆవిడ చేతిలో ఉన్నది ఒక్క పేజీ డిశ్చార్జి కాగితం. ఇక్కడి ఆసుపత్రి వాళ్ళు డబ్బు కట్టేదాకా రోజుకు మూడుసార్లు చేసిన ఫోను ఆ తర్వాత ఎత్తనేలేదు. "ఆపరేషన్ సంగతి మా అత్తగారికి తెలియదమ్మా, ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?" అంది. ఇంకొకమ్మాయిని పెళ్ళిచూపుల ముందు తల్లిదండ్రులే తీసుకొచ్చారు. ఇరవై మూడేళ్ళ ఆ పిల్లకి మధుమేహం లేదు, ఏ జబ్బూ లేదు. దాన్ని ఎంపిక అనడానికి నాకు నోరు రాదు.

చట్టం కొంతవరకే తోడు వస్తుంది. 1995లో వి.పి. శాంతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. 2019 చట్టం ప్రకారం రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. మస్కట్‌లో ఉద్యోగం చేసుకునే మనిషి ఇక్కడ కేసు నడపడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. ఇక తుర్కియేలోనో మెక్సికోలోనో నష్టపోతే అక్కడి కోర్టు, అక్కడి భాష.

మన సలహా కేంద్రాలకు ఇలాంటి స్త్రీ వస్తే వెళ్ళమనో వద్దనో చెప్పే పని మనది కాదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఆపరేషన్ అడిగింది ఎవరో తెలుసుకోవాలి. తాను ఉండే ఊళ్ళో ఆ తర్వాత చూస్తానని ఒప్పుకున్న డాక్టరు పేరు ప్రయాణానికి ముందే కాగితం మీద ఉండాలి. ఆపరేషన్ నోట్సు పూర్తి ప్రతి, తేడా వస్తే రెండో ఆపరేషన్‌కు, టికెట్టు మార్చుకోవడానికి సరిపడా డబ్బు ఆమె సొంత ఖాతాలో ఉండాలి, భర్త ఖాతాలో కాదు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025 నుంచి మన దేశంలోనూ అమ్ముతున్నారు. వాటి గురించి డాక్టరు ఆమెతో మాట్లాడాడో లేదో కూడా అడగండి. మాట్లాడకపోతే, ఎందుకు మాట్లాడలేదో ఆ డాక్టరునే అడగమనండి.