అవ్వకు తెలిసిన పేరు

మా చెల్లికి పదహారేళ్ళు నిండాయి. టీడీ సూది వేయించమని చీటీ వచ్చింది. "ఎదిగిన పిల్లకి సూదేలమ్మే?" అంది అవ్వ. డిఫ్తీరియా రాకుండా అన్నాను. వినలేదు. "కంఠసర్పి అవ్వా" అన్నాక గమ్మునైపోయింది. కేజీఎఫ్ గని లైన్లలో ఉన్నప్పుడు ఆమె తమ్ముడు గొంతు మూసుకుపోయి చనిపోయింది దాంతోనేనట. మరుసటి రోజు చెల్లిని తనే పిలుచుకుపోయింది.

ఆ బ్యాక్టీరియా వదిలే విషాన్ని స్ఫటికంగా మార్చి, ఎక్స్ కిరణాలతో దాని ఆకారాన్ని 1992లో తేల్చారు. అందులో మూడు భాగాలున్నాయి. ఒకటి మన కణాన్ని పట్టుకుంటుంది. ఒకటి పొరలో దారి చేస్తుంది. మూడోది లోపలికి దూరి ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. కణం చావడానికి ఒక్క అణువు చాలు. ఆ విషాన్నే ఫార్మాలిన్‌తో విరిచి టీకాగా ఇస్తారు. కోరలు పీకిన పామును చూపించి, పామును గుర్తుపట్టడం ఒంటికి నేర్పడమన్నమాట. ఏళ్ళు గడిచేకొద్దీ ఒళ్ళు ఆ పాఠం మరిచిపోతుంది. అందుకే పదేళ్ళకు, పదహారేళ్ళకు మళ్ళీ సూది.

ఇదంతా సైన్సు వాళ్ళ పని, మనకెందుకు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మన కోలారులో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, టీకా కార్డు మీద ఇంగ్లీషు. అవ్వ జబ్బును కళ్ళారా చూసింది, కార్డు మీది పేరు తెలియదు. నాకు ఆ పేరు తెలుసు, జబ్బు ఎంత భయంకరమో తెలియదు. ఈ రెండింటినీ కలిపే మాట వెతకడం తెలుగు చదివే మన పనే. ఈ గోడపత్రికలోనే మొదలుపెడదాం. ముందు, మీ టీడీ సూది పడిందో లేదో ఈ సాయంత్రం ఇంట్లో అడగండి.