లైసెన్సు ఉంది సరే, ఇల్మ్ తాజాగా ఉందా?

నక్షా, పహాణీ, సేత్వార్, జమాబందీ... మన జమీన్ ముచ్చట్లో సగం లఫ్జులు ఉర్దూ, ఫార్సీలవే. నిజాం జమానా పోయినా అవి పోలేదు, జమీన్ జగడాలూ పోలేదు. 2025లో తెలంగాణ సర్కారు భూభారతి చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్‌కు సర్వే నక్షా జతచేయాలన్న నిబంధన పెట్టింది. అందుకోసం వేలమంది జవాన్లకు శిక్షణ ఇచ్చి లైసెన్స్‌డ్ సర్వేయర్లను చేసింది. (శిక్షణ ఇచ్చే అకాడమీ పేరు పొట్టిగా పిలిస్తే 'తాలిమ్'. ఇత్తెఫాకే కావచ్చు గానీ బాగుంది.) ముబారక్. నా ఫికర్ ఆ తర్వాతి సంగతి గురించి.

మన ఇళ్లలో విరాసత్ ముచ్చటే చూడండి. ఒకాయన ఇంతెఖాల్ అయ్యాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. అప్పులు, వసీయత్ తీరాక మూడెకరాల ఎనిమిది గుంటలు మిగిలింది. అంటే 128 గుంటలు. భార్యకు ఎనిమిదో వంతు 16, కొడుక్కి 56, కూతుళ్లకు చెరి 28. మౌల్వీ సాబ్ ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు. కానీ ఆ 28 గుంటలు ఎక్కడ? రోడ్డు వైపా, వాగు వైపా? హద్దురాయి మూడు గజాలు జరిగితే పోయేది ఎవరి హఖ్? అది కొలిచేవాడే చెప్పాలి. భాయీజాన్ ముందు నోరెత్తని ఆపా తరఫున ఆ నక్షాయే మాట్లాడాలి.

కొలిచే సామాను మారిపోతోంది. గొలుసు పోయి టోటల్ స్టేషన్ వచ్చింది, ఇప్పుడు ఉపగ్రహాల సిగ్నల్‌తో నడిచే రోవర్. గుబురు చెట్ల కింద, పెద్ద బిల్డింగుల పక్కన అది తప్పు చూపొచ్చు. తెర మీద అంకె మాత్రం దర్జాగా కనిపిస్తుంది. ఆ తేడా పట్టుకోవడం ఒక్కసారి నేర్చి వదిలేసే హునర్ కాదు.

ఇంజినీర్ల సంగతి గల్ఫ్ ఖాందాన్‌లకు నేను చెప్పాలా? సౌదీలో ఇంజినీర్‌గా పనిచేయాలంటే అక్కడి ఇంజినీర్ల కౌన్సిల్‌లో నమోదు కావాలి. 2018లో కువైట్ ఎన్‌బీఏ గుర్తింపు లేని డిగ్రీలను ఒప్పుకోకపోతే మనవాళ్ల ఇఖామాలు ఆగాయి. మనవాళ్లు బోలెడుమంది ఉన్న టెక్సాస్‌లో లైసెన్సున్న ఇంజినీర్ ఏటా 15 గంటలు చదవాలి, అందులో ఒక గంట వృత్తి ధర్మం గురించి. ఇక్కడ? వకీళ్లకు 1961 చట్టం ఉంది, ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉంది. ఇంజినీర్లకు దేశమంతటికీ అలాంటిది లేదు. మున్సిపాలిటీలు ఇచ్చే లైసెన్సులతోనే బండి నడుస్తోంది.

చదువు షరతు పెడితే పైసలకు సర్టిఫికెట్లమ్మే దుకాణాలు పుడతాయంటారు. ఆ డర్ వాజిబే. అందుకే సర్వేయర్ల క్లాసు పొలంలో పెట్టాలి. ముందే కచ్చితంగా కొలిచిపెట్టిన జాగాను వాళ్లతో మళ్లీ కొలిపించాలి. అది పాసైతేనే రెన్యూవల్. ఫీజు సర్కారే భరించాలి, లేకపోతే గరీబు పిల్లలే ముందు బయటపడతారు.

అందాకా మీ ఇంట్లో పంపకం ఉంటే వచ్చిన సర్వేయర్‌ను లైసెన్సు నంబరు అడగండి, మిషన్ ఆఖరుసారి ఎప్పుడు చెక్ చేయించారో అడగండి. కొలిచే రోజు ఆపాను కూడా పొలానికి తీసుకెళ్లండి.