అత్తి అంటే ఏది?

మొన్న మా ఇంట ఒక చిన్న చిక్కు వచ్చింది. మనవడికి వేమన మేడిపండు పద్యం చెబుతుంటే, "మేడి అంటే ఏమిటి తాతా?" అన్నాడు. "అత్తిపండురా" అన్నాము. వాడు వెంటనే రాజపాళయం బజారులో కొన్న ఎండుపండ్ల దండ తెచ్చి చూపాడు!

తప్పు వాడిది కాదు. తమిళంలో అత్తి అంటే మన మేడే. ఎండుపండు సీమ అత్తి. బజారులో ఆ 'సీమ' జారిపోయి రెండూ అత్తి అయినవి. ఆంధ్రదేశంలో ఎండుపండును అంజూరమంటారు. బైబిలులో సైతం తమిళులకు అత్తి అయినదే తెలుగువారికి అంజూరం. పైగా తెలుగులోనూ మేడికి అత్తి అనే పేరున్నది గదా!

గుర్తులు సులభమే. మేడి పెద్ద మాను. కాయలు మొద్దునే గుత్తులుగా కాస్తవి. ఆకు చీలికలు లేక నిండుగా ఉంటుంది. అంజూరం చిన్న చెట్టు. ఆకు చేయి చాచినట్లు చీలి ఉంటుంది. మేడిని విప్పితే చిన్న పురుగులు కనబడతవి. పుప్పొడి మోసే కందిరీగ జాతివి అవి. అవి లేనిదే మేడిలో విత్తనం లేదు.

మందుకు పట్ట కావలసినప్పుడు పేరు తారుమారైతే కష్టం. అంతకన్న, మేడి అన్న మాట ఇంట పోతే వేమన పద్యమూ అర్థం గాకుండా పోతుంది. పెద్దలకు మా మనవి: పిల్లలను ఒక్కసారి చెట్టు దగ్గరకు తీసికొనిపోయి, కాయ విప్పి చూపి, ఇది మేడి అని చెప్పండి.