సంతకం ఎవరిది?

ఆర్కిటెక్టు అంటే ఎవరని మేస్త్రీని అడిగితే "ప్లాను గీసేవాడండీ" అంటాడు. అనుమతి కోసం కాళ్లరిగేలా తిరిగిన ఇంటి యజమానిని అడిగితే "ప్లాను మీద సంతకం పెట్టేవాడు" అంటాడు. గీయడం ఒకరిది, సంతకం మరొకరిది కావచ్చునని అతగాడికి అనుభవం మీద తెలిసింది. మన వృత్తికి పట్టిన జబ్బు అక్కడే వుంది.

1972లో పార్లమెంటు ఆర్కిటెక్టుల చట్టం చేసింది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్టరులో పేరు లేనివాడు తనను తాను ఆర్కిటెక్టునని చెప్పుకోరాదని అందులో 37వ సెక్షను. మొదటిసారి పట్టుబడితే 500 రూపాయల దాకా జరిమానా అని ఆనాడు రాశారు. (ఇవాళ బోర్డు రాయించడానికే అంతకన్నా ఎక్కువవుతుంది!)

సరే, పేరు మనది. మరి పని? నోయిడా అథారిటీలో ఒక 'అసోసియేట్ ఆర్కిటెక్టు' పదవి గురించి వచ్చిన కేసులో 2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. ఈ సెక్షను కాపాడేది బిరుదునే గాని పనిని కాదట. రిజిస్టరులో లేనివారు కూడా కట్టడాలకు డిజైన్లు చేసుకోవచ్చు, ఆర్కిటెక్టులమని మాత్రం చెప్పుకోకూడదు.

"అయితే మనకీ ఐదేళ్ల చదువెందుకు?" అని మిత్రులు కొందరు మండిపడ్డారు. నాకు మాత్రం అంత కోపం రాలేదు. మనకు మిగిలిన ఆ ఒక్క బిరుదునీ మనం ఎలా వాడుకుంటున్నామో ట్రైనింగులో కళ్లారా చూశాను గనక.

ఒక సాయంత్రం ఓ పెద్దమనిషి ప్లాను షీట్లు తెచ్చి మా సారు బల్ల మీద పరిచాడు. గీసింది ఎవరో డ్రాఫ్ట్స్‌మన్. ఆ స్థలం ఏ వీధిలో వుందో సారుకు తెలియదు. మెట్ల వెడల్పు చూడలేదు, పక్కన ఎంత వదిలారని అడగలేదు. టీ చల్లారేలోగా సంతకం, స్టాంపు రెండూ పడ్డాయి, కవరు సొరుగులోకి వెళ్లింది. ఆయన చెడ్డవారేం కాదు, మాకు ఎంతో ఓపికగా పని నేర్పారు. ఆఫీసు అద్దె, జీతాలు అలాంటి కవర్ల మీదే నడుస్తున్నాయని తర్వాత తెలిసింది. ఆ మెట్ల మీద ఇప్పుడు ఎవరి ముసలితల్లో ఎక్కి దిగుతూ వుంటుంది.

పైగా కాలం మారింది. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 500 చదరపు మీటర్ల స్థలం, 10 మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇమ్మంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, సంతోషమే. కాని సెట్‌బ్యాకులంటే ఏమిటో యజమానికేం తెలుసు పాపం! ప్లాను మీద పేరున్నవాడి మాట నమ్మి ధ్రువీకరిస్తాడు. అంచేత సంతకం బరువు పెరిగిందే గాని తగ్గలేదు.

పనులు ఇప్పించినందుకు కమీషన్లు ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అని 1989 నాటి వృత్తి ప్రవర్తన నియమాల్లో వుంది. ఆ ముక్క ప్రొఫెషనల్ ప్రాక్టీసు పరీక్షకు మనమంతా బట్టీ పట్టినదే. అద్దె సంతకం గురించి మాత్రం క్లాసులో ఒక్కనాడూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. లెక్చరర్లకు తెలియదా? తెలుసు.

నా కోరిక చిన్నది. సంతకం చేసినవారు తాము స్థలాన్ని చూసిన తేదీని కూడా ఆ షీటు మీదే రాయాలని కౌన్సిల్ నియమం పెట్టాలి. అబద్ధపు తేదీ రాసేవారూ వుంటారు, నిజమే. కాని రేపు గోడ పగిలినప్పుడు "నేను చూడలేదు" అని తప్పించుకునే వీలుండదు.