క్రిస్ వయసును తుప్పు చెప్పదు



జావా, మలయ్ బాకు క్రిస్‌పై మీ వ్యాసం చదివాను. తుప్పు తిన్నదల్లా జావాలోని పాత మజాపహిత్ రాజ్య కాలానిదేనన్న మాట ఒప్పుకోలేను. నిమ్మరసంతో కడిగి పాషాణం పట్టించే ఆచారం వల్ల కొత్త అలుగు కూడా త్వరగానే అరిగి పాతదిగా కనిపిస్తుంది. పిడి, ఒర ఎన్నిసార్లయినా మారతాయి. బుగిస్ వంశపు సుల్తానులు ఏలే మా రాష్ట్రం సెలంగోర్‌లో జావా అలుగుకు బుగిస్ పిడి ఉంటే వింతేమీ కాదు. అందుకే పుట్టిన చోటు తెలియాలంటే అలుగునే చూడాలి: అలుగు మొదలు దగ్గర అడ్డంగా ఉండే గంజా, వంపుల తీరు, ఇనుప పొరల అల్లిక. ఇంతా చూశాక కూడా అలుగు తీరును బట్టి కాలం, చోటు చెప్పే జావావారి ‘తంగుహ్’ పద్ధతి ఇచ్చేది అంచనాయే, రుజువు కాదు. శక సంవత్సరం 1264, అంటే క్రీ.శ. 1342, చెక్కి ఉన్న క్నౌడ్ క్రిస్ వంటివి బహు అరుదు. ఇంట్లో పాత క్రిస్ ఉన్నవారు దయచేసి దాన్ని తోమి మెరిపించకండి. ఎవరి నుంచి, ఏ ఊరి నుంచి వచ్చిందో కాగితం మీద రాసి పెట్టండి.

– ఒక పాఠకుడు, పోర్ట్ క్లాంగ్, మలేషియా